కొండ లేని పెనుగొండ నుంచి కోట లేని కోటగుమ్మం దాకా

ఈ రోడ్డు ఎక్కడికి పోతుందని అడిగేవారు వున్నారు గాని, ఎక్కడినుంచి ఎట్లా వచ్చిందని అడిగేవారు అరుదు. బస్సు ఎక్కి కూర్చుంటాము. కండక్టరు టికెట్టు ఇస్తాడు. కిటికీ పక్కన చోటు దొరికితే అదే పదివేలు. కింద పరుచుకుని వున్న దారికి కూడా ఒక వంశచరిత్ర వుంటుందనీ, మనుషుల మాదిరిగానే అది ఇల్లు మారుతుందనీ, పేరు మార్చుకుంటుందనీ, ఒక్కొక్కప్పుడు వదిలిపోయిన ఇంటికే మళ్లీ తిరిగివస్తుందనీ మనకు తట్టదు.

మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్ద రోడ్డు సంగతి సరిగ్గా ఇదే. ఆ రోడ్డు ఒకప్పుడు కొవ్వూరు రేవు దగ్గర గోదావరి దాటేది. తరువాత ఆ రేవును వదిలి దక్షిణానికి తిరిగి, మా పెనుగొండ పక్కనున్న సిద్ధాంతం మీదుగా నడిచింది. ఇప్పుడు మళ్లీ కొవ్వూరు దారి పట్టింది. దాని రాకతో మా పక్క ఊళ్లు బాగుపడటం చూశాము, దాని పోకతో కొన్ని కొట్లు మూతపడటమూ చూశాము. అందుకే ఆ పాత బాట జాడ వెతుకుతూ సెలవులలో పెనుగొండ నుంచి రాజమహేంద్రవరం దాకా తిరిగాను. నగరం లోపల కాలినడకన తిరిగాను. చూసినది, విన్నది, చదివినది కలిపి పాఠకులకు మనవి చేస్తున్నాను.

మాటలలో దాగిన దారులు

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక మొదట మాటలే వెతుక్కున్నాను. మన భాషలో దారికి వున్నన్ని పేర్లు ఇంకొకదానికి వుండవేమో! మా గోదావరి జిల్లాలలో పొలాల నడుమ బండి పోయేది పుంత. గుంటూరు వైపు అదే డొంక. పదిమంది నడవగా నడవగా పడినది బాట. సేనలు నడిచినది రాచబాట. ఇక రహదారి అన్నది మనది కాదు, పారసీనుంచి వచ్చిన మాట. 'రాహ్' అంటే దారి. పాతకాలపు కాగితాలలో రహదారీ అంటే నేలమీది దారి కాదు. దారి వెంట పోయే సరుకుమీద వసూలు చేసే సుంకం, లేదా బాటసారిని పోనివ్వమని అధికారి రాసి ఇచ్చే చీటీ. సుంకం పేరే చివరకు దారి పేరు అయింది. ఇవాళ టోల్ గేటు దగ్గర కారు ఆగినప్పుడల్లా విసుక్కునేవారు, ఆ మాటకు అసలు అర్థం అదేనని తలచుకుంటే కొంత ఊరట కలగవచ్చు!

మన రోడ్డుకు ఇంగ్లీషువారి హయాంలో వున్న పేరు గ్రేట్ నార్దరన్ ట్రంకు రోడ్డు. ట్రంకు అంటే బట్టలు పెట్టుకునే పెట్టె కాదు సుమండీ, చెట్టు మాను. మానుకు కొమ్మల లాగా ఈ రోడ్డుకు అటూ ఇటూ చిన్న రోడ్లు వుంటాయన్నమాట. ఈ పేరు ఎక్కడెక్కడ మిగిలిందో చూస్తే పాత దారి సగం దొరికినట్టే. చెన్నపట్నంలో ఉత్తరానికి పోయే వీధిని ఇప్పటికీ జి.ఎన్.టి. రోడ్డు అనే రాసుకుంటారు. నెల్లూరులో ట్రంకు రోడ్డు వుంది. కావలిలో వుంది. ఒంగోలులో వుంది. ఈ ఊళ్లలో పెద్ద లారీలు ఏనాడో ఊరి బయటి బైపాసు పట్టాయి. ట్రంకు రోడ్డులో ఇప్పుడు చీరల కొట్లు, బంగారు కొట్లు, మిఠాయి దుకాణాలు. అయినా రిక్షావాణ్ణి, ఆటో అబ్బాయిని అడగండి, ట్రంకు రోడ్డు అనే అంటాడు. రోడ్డు వెళ్లిపోయింది, పేరు ఇంటి దగ్గర వుండిపోయింది.

ఏలూరు దాకా ఈ ఆనవాలు మనకు చేయి అందిస్తుంది. అక్కడా జి.ఎన్.టి. రోడ్డు అన్న పేరు చిరునామాలలో కనబడుతుంది. ఏలూరు దాటిన తరువాతే వుంది అసలు చిక్కు. ముందు గోదావరి వుంది.

ఏటికి ఎదురుగా రోడ్డు

వాగు అయితే కాజ్‌వే వేస్తారు. కాలువ అయితే కల్వర్టు కడతారు. అఖండ గోదావరి అట్లా వినేది కాదు. కొవ్వూరు గట్టున నిలబడి చూస్తే ఎదుట రాజమహేంద్రవరం ఒక గీతలాగ కనబడుతుంది. వేసవిలో నడుమ ఇసుక తిప్పలు తేలతాయి; శ్రావణం వచ్చేసరికి ఎర్రనీరు గట్లు ఒరుసుకుంటూ పోతుంది. ఇటువంటి చోట రోడ్డు వేసినవారి ఇష్టం కంటె నది ఇష్టమే ఎక్కువ. ఎక్కడ రేవు కుదురుతుందో అక్కడికే రోడ్డు రావాలి. ఏలూరు–గుండుగొలను–కొవ్వూరు రోడ్డు అని ఒక రోడ్డుకు పేరు వుంది. ఆ పేరులోనే దాని పని తెలిసిపోతుంది. మెట్టనేల మీదుగా పోయి రేవు చేరటం దాని పని. డెల్టా నల్లరేగడిలో వానాకాలం బండి చక్రం ఇరుసు దాకా దిగబడే రోజులలో, గట్టినేల పట్టుకుని పోవటమే ప్రయాణీకులకు క్షేమం.

రేవులో ప్రయాణం ఎట్లా వుండేదో ఈ కాలపు పిల్లలకు చెప్పాలంటే కష్టం. నర్సాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవారు కొంత ఊహించుకోగలరు. మనుషులు, సైకిళ్లు, బస్తాలు, మేకలు అన్నీ ఒకే బల్లమీద సర్దుకుని అవతలి గట్టు చేరటం. గాలి లేస్తే ఆగాలి, వరద వస్తే రోజుల తరబడి ఆగాలి. ఆగినవారికి అన్నం కావాలి, పడుకోవటానికి అరుగు కావాలి. అందుకే ప్రతి పెద్ద రేవు దగ్గరా సత్రాలు, పూటకూళ్ల ఇళ్లు, అంగళ్లు పుట్టాయి. ఆటంకం వున్నచోట ఊరు పెరుగుతుంది. ఇది గుర్తుంచుకోదగిన సంగతి.

మన సాహిత్యంలో ఈ దారుల ప్రయాణానికి గొప్ప సాక్షి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పోయేటప్పుడు హైదరాబాదు, నాగపూరు దారి. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, జగన్నాథం, అక్కడినుంచి మన తీరం. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో దిగిన ప్రతి మజిలీకీ లెక్క వుంది. దారి రాళ్లదా ఇసుకదా, అంగళ్లలో ఏమి దొరికింది, బోయీలు ఎక్కడ అలిసిపోయారు, నది ఎట్లా దాటారు అన్నవి ఆయనకు ముఖ్యం. పల్లకీలో పోయినా కళ్లు మాత్రం నేలమీదే వుంచిన యాత్రికుడాయన.

కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' చదివినవారికి ఇంకొక సంగతి జ్ఞాపకం వస్తుంది. ధవళేశ్వరంలో హాయిగా బ్రతికిన కుటుంబం చితికిపోయి రాజమహేంద్రవరం మీదుగా కాశికి పయనం కడుతుంది. దారిలో దొంగల పాలవుతుంది. నూట నలభై ఏళ్ల కిందట రాసిన ఆ నవలలో రోడ్డు అంటే భయం. పిల్లాపాపలతో ఊరు దాటడమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవటమే. కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న సామెత ఊరికే పుట్టలేదు.

కోటగుమ్మం నుంచి నగరం వెనుక వాకిలికి

ఇక నగరంలోకి వద్దాము. రాజమహేంద్రవరంలో పాత బాటను వెతకవలసినది బస్సు స్టాండు దగ్గర కాదు, రేవు దగ్గర. పుష్కరాల రేవు, కోటిలింగాల రేవు — మనం వీటిని స్నానఘట్టాలుగానే ఎరుగుదుము. పాతకాలపు ప్రయాణీకుడికి మాత్రం అటువంటి రేవులే ఊరి సింహద్వారాలు. రేవులో దిగి మెట్లెక్కినవాడు మొదట నదికి దండం పెట్టి, తరువాత బసకోసం వెతుక్కునేవాడు.

పుష్కరాల రేవునుంచి నాలుగడుగులు వేస్తే కోటగుమ్మం. గుమ్మం అన్న పేరు వుంది గాని కోట కనబడదు. పదకొండవ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు ఏలిన ఊరు, నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు ఇది. తరువాత ఎందరెందరి చేతులు మారిందో! కోట పోయినా, దాని వాకిలి ఎటు వుండేదో పేరు చెబుతూనే వుంది. ఆ చుట్టుపక్కలే మెయిన్ రోడ్డు వ్యాపారమంతా. ఇరుకు వీధులు, పాత మేడలు, రెండు బండ్లు ఎదురైతే ఒకటి ఆగవలసిన సందులు. కొత్తవారు విసుక్కుంటారు. మోటారు పుట్టకముందు, రేవులో దిగిన సరుకును భుజాలమీద, ఎద్దుబండ్లమీద మోసిన రోజులలో పుట్టిన వీధులు అంతకంటె వెడల్పుగా ఎందుకు వుంటాయి?

ఈ నగరంలో ఇంకొక వింత చూశాను. బస్సు స్టాండ్ల పేర్లు. ఒకటి గోకవరం బస్సు స్టాండు, ఇంకొకటి కోటిపల్లి బస్సు స్టాండు. ఊళ్లో వున్న చోటుకు ఎక్కడో వున్న ఊరి పేరు! అక్కడినుంచి దారి ఎటు పోతుందో ఆ పేరే పెట్టారు. ఒకటి ఏజెన్సీ కొండలవైపు, ఒకటి గౌతమి తీరాన వున్న పుణ్యక్షేత్రంవైపు. పటం లేని రోజులలో నగరమే పటం అయింది.

అక్కడ మా దూరపు బంధువు ఒకావిడ వున్నారు, నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఎనభై దాటిన మనిషి, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. పాత దారి కోసం తిరుగుతున్నానంటే నవ్వారు.

"దారికేం నాయనా, దారి ఏట్లోనే వుండేది. మా అత్తగారు కొవ్వూరు నుంచి పడవలోనే కాపురానికి వచ్చారట. పెళ్లివారందరూ పడవలో కూర్చుంటే సన్నాయి మేళం ఇంకో పడవలోట. గట్టుకు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయిందట. మీ బాబాయిగారు చనిపోయేదాకా 'ఊళ్లోకి వెళ్లొస్తా' అని కాదు, 'రేవుకు వెళ్లొస్తా' అనే అనేవారు."

రేవు వదిలి తూర్పుగా నడుస్తూ పోతే నగరం వయసు తగ్గుతూ పోతుంది. దేవీచౌక్ దాటి, ఇంకా అవతలికి పోయి, లాలాచెరువు చేరేసరికి వీధులు వెడల్పు అవుతాయి, మేడలు కొత్తవి అవుతాయి. అటు మోరంపూడి, ఇటు దివాన్‌చెరువు. ఇది నగరానికి ఒకనాటి పెరటివైపు. సిద్ధాంతం, రావులపాలెం మీదుగా వచ్చిన జాతీయ రహదారి ఈ పెరటిలోంచే పోయింది. దానితో పెరడు వీధివాకిలి అయింది. వీధివాకిలిగా వున్న రేవు తీర్థం ఆడే చోటుగా మిగిలింది. ఒక నగరం ముఖం తిప్పుకోవటమంటే ఇదే.

నీటిబాట, ఇనుపబాట

రోడ్డు ఎందుకు రేవును వదిలిపెట్టిందో తెలియాలంటే ముందు డెల్టా సంగతి చెప్పుకోవాలి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలుతుంది. ఎడమచేతి పాయ గౌతమి, కుడిచేతి పాయ వశిష్ఠ. ఆ చీలిక దగ్గరే సర్ ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. 1852కు అది పూర్తి అయింది. ఆనకట్ట వల్ల వరి పండిందని అందరమూ చెప్పుకుంటాము. ఆ కాలువలు రోడ్లు కూడా అన్న మాట మరిచిపోతున్నాము. కాటన్ దొర దృష్టిలో కాలువకు రెండు పనులు: చేను తడపటం, పడవ నడపటం. కాలువలకు లాకులు కట్టినది పడవలు ఎక్కి దిగటానికే. విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన పడమటి కాలువ కాకరపర్రు దాకా వచ్చి చీలుతుంది. ఏలూరు కాలువ ఏలూరు దగ్గర కృష్ణ కాలువలతో కలిసింది. అటుపైన బకింగ్‌హాం కాలువ. కాకినాడలో పడవ ఎక్కినవాడు నేలమీద కాలు పెట్టకుండా మద్రాసు దాకా పోగలిగిన కాలం ఒకటి వుండేది.

అందువల్ల డెల్టాలో రోడ్డు అంటే కాలువ గట్టే. ఇప్పటికీ మా వైపు రోడ్లు చూడండి. ఒక పక్క కాలువ, ఒక పక్క చేను, నడుమ వంకరలు తిరుగుతూ దారి. కొత్త డ్రైవర్లు ఇంజనీరును తిడతారు. ఆ వంకరలు ఇంజనీరు పెట్టినవి కావు, నీరు పల్లం వెతుక్కుంటూ పెట్టినవి.

తరువాత రైలు వచ్చింది. 1890 దశాబ్దంలో తూర్పు కోస్తా లైను వేశారు. కొవ్వూరు గట్టున రైలు ఆగిపోతే ప్రయాణీకులు ఏరు దాటి అవతల మళ్లీ రైలు ఎక్కవలసి వచ్చేది. 1900లో హేవ్‌లాక్ వంతెన మీద రైలు నడవటంతో ఆ బాధ తీరింది. దాదాపు నూరేళ్లు పనిచేసి 1997లో ఆ వంతెన విశ్రాంతి తీసుకున్నది. కాని అది రైలుకు మాత్రమే వంతెన. రైలు ధడధడమంటూ నెత్తిమీద పోతూ వుంటే, బండివాడు, మోటారువాడు కింద నీళ్లవైపు చూస్తూ కూర్చోవలసినదే. అదే చోట రోడ్డుకు వంతెన రావటానికి 1974 దాకా పట్టింది. కింద రైలు, పైన రోడ్డు నడిచే ఆ వంతెనను చూడటానికి బడిపిల్లలను విహారయాత్రలకు తీసుకువెళ్లేవారు.

సిద్ధాంతానికి వచ్చిన అదృష్టం

స్వాతంత్ర్యం తరువాత 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. మద్రాసు–కలకత్తా దారికి అయిదు అన్న అంకె పడింది. మోటారు లారీ పంటుకోసం కాచుకుని కూర్చునే కాలం పోయింది. ఒకే ప్రవాహంగా వున్న గోదావరి కంటె, చీలిన పాయలు సన్నం. పెద్ద ఏటిని ఒక్క ఊపున దాటేకంటె, సిద్ధాంతం దగ్గర వశిష్ఠను ఒకసారి, రావులపాలెం దాటాక జొన్నాడ దగ్గర గౌతమిని ఒకసారి దాటటం తేలిక. దారి కొంత చుట్టు అయినా సరే. అట్లా రహదారి మెట్టనేల వదిలి తాడేపల్లిగూడెం, తణుకు, పెరవలి, ఖండవల్లి మీదుగా మా వరిచేలలోకి దిగివచ్చింది.

పెనుగొండ ఆ రోడ్డుమీద లేదు, సిద్ధాంతం వుంది. మాకూ దానికీ కొద్ది మైళ్లే దూరం. ఇక్కడ మా ఊరి సంగతి ఒక్క మాట. పెను అంటే పెద్ద. పెనుగొండ అంటే పెద్ద కొండ. సంస్కృతంలో జ్యేష్ఠశైలం అని కూడా అన్నారు. తీరా చూస్తే ఊళ్లో కొండ లేదు సరికదా, గుట్ట కూడా లేదు! పైగా రాయలవారి పెనుకొండ ఇంకొకటి వుంది రాయలసీమలో. సంబంధాలు మాట్లాడటానికి వచ్చినవారు 'అబ్బో, రాయలవారి కోట వున్న ఊరు కదండీ' అంటే, 'కాదండీ, కన్యకాపరమేశ్వరి గుడి వున్న ఊరు' అని సరిదిద్దటం మాకు అలవాటే.

ఆ అమ్మవారి కథలో కూడా ఒక దారి వుంది. కుసుమశ్రేష్ఠి ఈ ఊరి పెద్ద. విష్ణువర్ధన మహారాజు దండయాత్రలో ఈ ఊరిమీదుగా పోతూ ఆతిథ్యం పొంది, శ్రేష్ఠి కూతురు వాసవిని చూసి మోహించాడట. ఇష్టం లేని పెళ్లికంటె అగ్నిప్రవేశం మేలని ఆ కన్య ఎంచుకున్నదట. నూటరెండు గోత్రాలవారు ఆమెవెంట నడిచారట. కథను భక్తితో చదివేవారు భక్తితో చదువుతారు. దారులు వెతికేవాడిగా నాకు తోచినది ఇది: వేంగిని ఏలిన రాజు పెనుగొండమీదుగా పోయినట్టు కథ చెప్పుకున్నవారు, ఈ ఊరిని మారుమూల ఊరుగా అనుకోలేదు. రాచబాట తమ గుమ్మంలోంచి పోతుందనే అనుకున్నారు.

దేశం నలుమూలలనుంచి వైశ్య కుటుంబాలు ఈ గుడికి వస్తాయి. ఒకప్పుడు పడవలలో, బండ్లలో వచ్చేవారు. రహదారి వచ్చిన తరువాత సిద్ధాంతం సెంటరులో బస్సు దిగేవారు. అర్ధరాత్రి దిగినా భయం లేదు; కాఫీ హోటలు తెరిచే వుండేది. మా పిల్లలు తణుకు కాలేజీకి పోవటం, రోగులు రాజమండ్రి ఆసుపత్రికి పోవటం, లంకల అరటి గెలలు రావులపాలెం చేరటం అన్నీ ఆ రోడ్డు చలవే. 2000 తరువాత స్వర్ణ చతుర్భుజి పథకంలో అది నాలుగు వరుసలయింది. పాత వంతెన పక్కన కొత్త వంతెన లేచింది. రోడ్డుపక్క చింతలు, మర్రులు పడిపోయాయి. పెరవలి నుంచి జొన్నాడ దాకా వ్యాపారం కళకళలాడింది.

రోడ్డు తిరిగి వెళ్లిపోయింది

2010లో అయిదవ నంబరు కాస్తా పదహారు అయింది. అది అంకె మార్పే. అసలు మార్పు తరువాత వచ్చింది. 2015లో, గోదావరి పుష్కరాల సంవత్సరంలో, కొవ్వూరునుంచి రాజమహేంద్రవరం ఉత్తరపు కొసకు నాలుగవ వంతెన తెరిచారు. గుండుగొలను దగ్గర మొదలై నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోయే దారిని వెడల్పు చేశారు. దూరం తగ్గింది. ఈ దశాబ్దం మొదట్లో పదహారవ నంబరు ఆ దారికి వెళ్లిపోయింది. సిద్ధాంతం దారికి 216-ఎ అన్న అంకె మిగిలింది. రేవుకోసం కొవ్వూరు పోయిన రోడ్డు, వంతెనలకోసం మా దగ్గరకు వచ్చి, పెద్ద వంతెన దొరకగానే పాత దారికే తిరిగిపోయింది.

సిద్ధాంతంలో టీ హోటలు యజమానిని పలకరించాను. పాత శిష్యుడికి తండ్రి.

"ఏమండీ, వ్యాపారం ఎట్లా వుంది?"

"ఏం చెప్పమంటారు మాస్టారూ! ఇదివరకు రాత్రి పన్నెండయినా పొయ్యి ఆర్పేవాళ్లం కాదండి. ఒరియా లారీలవాళ్లు, అరవ లారీలవాళ్లు వరసకట్టి ఆగేవారు. నేను నాలుగు భాషలలో బేరం చెయ్యటం నేర్చుకున్నాను. ఇప్పుడు తొమ్మిదింటికి తలుపులేసేస్తున్నామండి. ఇద్దరు కుర్రాళ్లను మానిపించేశాను."

"అయితే కష్టమే."

"ఆయ్, కష్టమేనండి. కాని ఒక్క మాట దాచుకోకూడదు. మా మనవరాలు ఇప్పుడు సైకిలు తొక్కుకుంటూ రోడ్డు దాటి బడికి పోతోందండి. వాళ్ల నాన్నను బడికి పంపినన్నాళ్లూ నేను చెయ్యి పట్టుకుని దాటించేవాణ్ణి. ఈ రోడ్డుమీద పోయినవాళ్లు మా ఊళ్లోనే ఎంతమందో మీకు తెలియనిది కాదు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. రోడ్డు ఇచ్చినదీ తీసుకున్నదీ రెండూ ఒకే గొంతుతో చెప్పాడాయన.

మిగిలిన దారి ఎవరిది?

ఇంత తిరిగిన మీదట నాకు స్పష్టంగా బోధపడినది ఒకటే. మన ప్రాంతంలో రహదారిని నడిపించేది ఊళ్లు కాదు, ఏరు. ఏటిని ఎక్కడ దాటగలిగితే రోడ్డు అక్కడికి పోతుంది. దాటే చోటు మారితే మహానగరానికైనా పెరడు వాకిలి అవుతుంది, వాకిలి పెరడు అవుతుంది. రాజమహేంద్రవరం ఇప్పటికి ముమ్మారు ముఖం తిప్పింది: పడమట రేవు, తూర్పున మోరంపూడి, ఇప్పుడు ఉత్తరాన కొత్త వంతెన. నగరం కనుక తట్టుకున్నది. సిద్ధాంతం, పెరవలి వంటి ఊళ్లు తట్టుకోవాలంటే కొంత ఆలోచన కావాలి.

దూరపు లారీ పోయినంత మాత్రాన దారి చచ్చిపోదు. 216-ఎ మీద కాలేజీ పిల్లలు వున్నారు, కోనసీమ బస్సులు వున్నాయి, అరటి గెలలు, కడియం పూలమొక్కలు, ఆత్రేయపురం పూతరేకులు వున్నాయి, వాసవీ అమ్మవారి యాత్రికులు వున్నారు. వీరంతా దారిలో దిగేవారు, ఊరితో పని వున్నవారు. పరుగెత్తే లారీకంటె ఊరికి వీరే దగ్గర చుట్టాలు. అయితే పెద్ద అంకె పోయిన రోడ్డుకు మరమ్మతులలో చిన్నచూపు కలగకుండా చూసుకోవాలి. వశిష్ఠమీద పాత వంతెనకు ఎంత రద్దీ తగ్గినా అది మా పిల్లలను అవతలి గట్టుకు చేర్చే వంతెన. దాని బాగోగులు అడగవలసినవాళ్లం మేమే.

ఇంకొక పని ఖర్చు లేనిది. మా కాలేజీలో ఈ ఏడు విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చాను. ఇంట్లో తాతగారినో, అమ్మమ్మగారినో అడిగి, వారి చిన్నతనంలో పక్క ఊరికి ఏ దారిన పోయేవారో, ఏరు ఎట్లా దాటేవారో రెండు పేజీలు రాసుకురమ్మన్నాను. మొదట సణిగారు. పదిహేను రోజుల తరువాత వచ్చిన కాగితాలు చూసి నేనే ఆశ్చర్యపోయాను. లాకు దగ్గర పడవ ఆగినప్పుడు అమ్మిన ముంజెల సంగతి ఒకరు రాశారు. పురిటి నొప్పులతో పంటుమీదే ప్రసవించిన ముత్తవ్వ సంగతి ఒక అమ్మాయి రాసింది. అలా పుట్టిన బిడ్డకు గోదావరి అని పేరు పెట్టారట. ఈ సంగతులు ఏ గెజిటులోనూ లేవు. చెప్పేవారు ఏటికేడు తగ్గిపోతున్నారు.

ఈ వారపత్రిక చదివే కుటుంబాలలో చాలావరకు ఏదో ఒక పాత రోడ్డు పక్కనే వుండి వుంటారు. మీ ఊళ్లోనూ వెతికి చూడండి. మూడు గుర్తులు చెబుతాను. వీధి పేరులో ట్రంకు అనో, సత్రం అనో, రేవు అనో వుందేమో చూడండి. ఇప్పటి రోడ్డుకు దూరంగా, దేనికీ సంబంధం లేకుండా రెండు వరసలలో ముసలి చెట్లు నిలబడి వున్నాయేమో చూడండి. ఏరు గాని కాలువ గాని వుంటే, వంతెనకు కొంచెం పక్కగా పాత మెట్లు నీళ్లలోకి దిగుతున్నాయేమో చూడండి. ఈ మూడూ కలిపితే ఒక గీత వస్తుంది. ఆ గీతమీద ఒక సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని నడవండి. పెద్దవారు ఎవరైనా వస్తానంటే వారినీ తీసుకువెళ్లండి. దారి పొడుగునా వారే చెబుతారు, మనం అడగనక్కరలేదు.